“ఎక్కడ దొరుకుతయ్ సార్?” – మన కళల ముడిసరుకు చరిత్ర

ఆగస్టు 9 వచ్చిందంటే మన బడుల్లో ఆదివాసీ దినోత్సవం. పిల్లలు గుస్సాడీ వేషం కడతారు, కోయ కొమ్ము నృత్యం చేస్తారు, లంబాడీ ఆట ఆడతారు. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్లవాడు కట్టిన గుస్సాడీ టోపీని చేతిలోకి తీసుకుని చూశాను. అట్ట మీద రంగు కాగితాలు అతికించి, నెమలి కన్నులను స్కెచ్ పెన్నుతో గీశాడు. పక్కన పెట్టిన కొమ్ములు థర్మోకోల్‌వి. “ఈకలు పెట్టలేదేంరా?” అని అడిగాను. “ఎక్కడ దొరుకుతయ్ సార్?” అన్నాడు.

వాడి తాత దండారీలో గుస్సాడీ కట్టినవాడే. ఆయనకు ఈ ప్రశ్న అడగాల్సిన అవసరం రాలేదు. తాతకు తెలిసిన చోటు మనవడికి ఎందుకు తెలియకుండా పోయింది? ఆ రోజు నేను వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న జవాబు.

మన కళల గురించి రాసేవాళ్లు పనితనాన్ని మెచ్చుకుంటారు, అవార్డులు లెక్కపెడతారు. బొమ్మలోని ఇత్తడి ఎక్కడిది, మైనం ఎవరు తెచ్చారు, బుట్టలోని వెదురు ఏ గుట్టది అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఏ కళ అయినా నిలవాలంటే చేతిలో పని ఉండాలి, ఆ చేతికి సరుకు అందే దారి ఉండాలి. పని మరిచిపోవడం వల్ల పోయిన కళలు కొన్నే. దారి మూసుకుపోవడం వల్ల పోయినవి, పోతున్నవి ఎక్కువ. ఆ దారులు ఎప్పుడు, ఎవరి వల్ల మూసుకుపోయాయో తెలిస్తేనే వాటిని మళ్లీ ఎట్లా తెరవాలో తెలుస్తుంది.

పాత రోజుల మూడు దారులు

మన పెద్దలకు సరుకు మూడు చోట్ల దొరికేది. మొదటిది అడవి. వెదురు, తేనెమైనం, లక్క, జిగురు, నార, రంగునిచ్చే బెరడు, రాలిన ఈక అన్నీ అక్కడివే. రెండోది పొరుగున ఉన్న చేతిపనివాళ్లు. కుండకు కుమ్మరి, కొడవలికి కమ్మరి, దేవుడి గంటకు ఓజా. మూడోది అంగడి. ఉప్పు, పూసలు, లోహం, బట్ట వారానికోసారి అక్కడికి వచ్చేవి.

ఏ వస్తువుకు ఎక్కడికి పోవాలన్నది మనవాళ్లు పుస్తకంలో రాసుకోలేదు. పండుగలో, మొక్కులో కట్టి దాచుకున్నారు. నాగోబా జాతర చూడండి. పుష్యమాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో మెస్రం వంశస్థులు మహాపూజ చేస్తారు. దానికి ముందు కాలినడకన గోదావరికి పోయి, జన్నారం వైపు కలమడుగు దగ్గరున్న హస్తినమడుగు నుంచి గంగాజలం తెస్తారు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరుల చేతనే చేయిస్తారు. అంగట్లో కుండ దొరకదని కాదు. ఫలానా పనికి ఫలానా ఊరి మట్టి, ఫలానా ఇంటివాళ్ల చేతిపని అని ఆచారం చెబుతుంది. అందువల్ల తరాలు మారినా కుండ ఎక్కడ దొరుకుతుందన్న జ్ఞానం మెస్రం వంశంలో పోలేదు, సిరికొండ కుమ్మరికి పని పోలేదు. ఆచారం చేసిన ఈ మేలును మనం అంతగా గుర్తించం.

ఓజాల కొలిమి

ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కొలాంలు పూజించే దేవతల సామగ్రి, గంటలు, దీపాలు, నెమలి, ఏనుగు బొమ్మలు పోతపోసేవాళ్లు ఓజాలు. ఉషేగావ్, కెస్లాగూడ ఊళ్ల పేర్లు ఈ పని వల్లే బయటి లోకానికి తెలిశాయి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పని చేసే తీరు మాత్రం చాలా పాతది. మొహెంజొదారోలో దొరికిన నాట్యకత్తె బొమ్మ కూడా ఈ మైనపు పోత పద్ధతిలో చేసిందే. దాని వయసు నాలుగువేల ఏళ్లకు పైమాటే.

ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కరిగించి, సన్నని తీగల్లా తీసి, ఆ మట్టి ఆకారం మీద పక్కపక్కనే చుడతారు. కళ్లు, నగలు, అంచులు అన్నీ మైనంతోనే దిద్దుతారు. దానిపై మెత్తటి మట్టి, ఆపైన ఊక కలిపిన ముతక మట్టి మెత్తుతారు. కాలిస్తే మైనం కరిగిపోయి, అది ఉన్న చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే బొమ్మ బయటికి వస్తుంది. అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఒక బొమ్మకు ఇంకో బొమ్మ సరిగ్గా అదే పోలికతో ఉండదు.

ఈ పనికి ఏమేం కావాలో లెక్కపెట్టండి. మట్టి, ఊక, మైనం, గుగ్గిలం, ఇత్తడి, కట్టెలు లేదా బొగ్గు. మట్టి, ఊక ఊళ్లోనే ఉన్నాయి. మిగిలిన నాలుగింటికీ ఇబ్బందే. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీలకు పైగా వేడి కావాలి. అంత వేడికి కట్టె కావాలి, కట్టెకు అడవి కావాలి. ఇత్తడి ఎక్కువగా పాత సామాన్ల నుంచే వచ్చేది. చిల్లిపడ్డ బిందె, విరిగిన చెంబు కరిగి దేవుడి గంటగా మారేది. మన ఇళ్లలోకి అల్యూమినియం, స్టీలు వచ్చాక విరగడానికి ఇత్తడి సామానే లేకుండా పోయింది. ఇప్పుడు ఓజా పట్నంలో పాత సామాన్ల దుకాణానికి పోయి కిలో లెక్కన కొనాలి. మార్కెట్‌లో రాగి ధర పెరిగితే ఆ బరువు బొమ్మ మీద పడుతుంది. బొమ్మ ధర ఎందుకంత అని బేరమాడే మనకు ఈ సంగతి తెలియదు.

తేనెమైనం కథ ఇంకో రకం. పట్టు నుంచి తేనె పిండాక మిగిలే పిప్పిలోనే మైనం ఉంటుంది. దాన్ని నీళ్లలో మరిగించి, గుడ్డతో వడకట్టి, చల్లారనిస్తే మైనం పైకి తేలి గట్టిపడుతుంది. తేనె తీసే ఊళ్లలో చాలాచోట్ల ఈ పిప్పిని పారేస్తున్నారు. పది పదిహేను మైళ్ల అవతల ఓజా అదే మైనాన్ని వెతుక్కుంటున్నాడు. ఇద్దరూ మనవాళ్లే, మధ్యలో దారి మాత్రం తెగింది. మైనం కావాలంటే మొదట అడగవలసింది పట్నం దుకాణాన్ని కాదు, మన ఊళ్లో తేనె తీసేవాళ్లను.

వెదురుకు తాళం పడిన కథ

బుట్ట, చేట, తడక, చాప, గాదె, పిల్లనగోవి, ఇంటి కప్పు. వెదురు లేకపోతే మన ఇల్లే లేదు. కొలాంలు వెదురు పనిలో పేరుపొందినవాళ్లు. అట్లాంటి వెదురు వాళ్లకే దొరకని వస్తువు అయింది. ఎట్లా?

బ్రిటిష్ ప్రభుత్వం 1878లో భారత అటవీ చట్టం తెచ్చింది. మద్రాసు రాష్ట్రానికి 1882లో వేరే అటవీ చట్టం వచ్చింది. అడవి అప్పటిదాకా ఊరి ఆస్తి, ఈ చట్టాలతో సర్కారు ఆస్తి అయింది. 1927 చట్టం వెదురును చెట్ల లెక్కలో చేర్చింది. నిజానికి వెదురు గడ్డి జాతి. చెట్టు అన్న ఆ ఒక్క మాటతో కలపకున్న నిబంధనలన్నీ దానికి చుట్టుకున్నాయి. నరకాలంటే అనుమతి, మోయాలంటే అనుమతి. నిజాం రాజ్యంలోనూ రిజర్వు అడవుల గీతలు గీశారు, ఆ గీతల లోపల పడిన గూడేలను ఖాళీ చేయించారు.

మన తిరుగుబాట్లను భూమి కోసం జరిగిన పోరాటాలుగానే చదువుకుంటాం. 1879 రంపలో చెట్టు కల్లు మీద వేసిన పన్ను మంట రేపింది. 1922 నుంచి 1924 దాకా అల్లూరి వెంట నడిచిన మన్యం ప్రజలకు పోడు మీద, అడవి వాడకం మీద ఆంక్షలు అసలు బాధ. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చింది నీళ్లు, అడవి, భూమి మూడింటి కోసం. అడవి అంటే అందులో వెదురు ఉంది, మైనం ఉంది, రాలిన ఈక ఉంది. అంటే మన చేతిపనుల ముడిసరుకు కూడా ఆ పోరాటాల్లో భాగమే.

అదే కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు మొదలైంది. కాగజ్‌నగర్ అన్న పేరు ఆ కాగితం నుంచే వచ్చింది. ఆదిలాబాద్ అడవుల వెదురు లారీల మీద మిల్లుకు పోయేది. ఒక బుట్టకు సరిపడే వెదురు భుజాన వేసుకున్న మనిషి మాత్రం అనుమతి కాగితం చూపాల్సి వచ్చేది. ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. నిర్మల్ బొమ్మలు చేసే నకాషీ కళాకారులు తేలికైన పొణికి కర్ర కోసం ఇదే అడవుల వైపు చూశారు, అది తరిగిపోతుంటే వాళ్లూ అవస్థ పడ్డారు.

అద్దం, గవ్వ, నాణెం

అన్ని కళలూ అడవి మీదే బతకలేదు. లంబాడీల కుట్టుపని దారుల మీద పుట్టింది. ఫేటియా మీద మెరిసే అద్దం, కాంచళి అంచున గవ్వ, టుక్రికి కుట్టిన నాణెం, వీటిలో ఏదీ తండా పక్కన పుట్టేది కాదు. లంబాడీలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతటా తిరిగిన వ్యాపారులు. సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది కూడా వాళ్లే. ఎడ్ల బిడారు నడిచినంతకాలం సరుకు వాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చింది.

గవ్వలు మాల్దీవుల సముద్రం నుంచి వచ్చి, బెంగాల్ వైపు చిల్లర డబ్బుగా కూడా చెల్లిన వస్తువు. అద్దాలకు గుజరాత్‌లోని కపడ్‌వంజ్ పేరుపొందింది. పాత పద్ధతిలో గాజును బుడగలా ఊది, లోపలి వైపు పూత పూసి, పగలగొట్టి ముక్కలు చేసేవాళ్లు. పాత ఫేటియా మీది అద్దాన్ని వేలితో తడిమితే కొంచెం ఉబ్బెత్తుగా తగిలేది అందుకే. ఇక నాణెం. 1940కి ముందటి బ్రిటిష్ రూపాయిలో పన్నెండు పాళ్లకు పదకొండు పాళ్లు వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది. 1947లో రూపాయి నికెల్‌ది అయింది. అందుకే నాయనమ్మ పాత రూపాయిలను గుడ్డకు కుట్టి దాచుకుంది. అవి ఆమెకు అలంకారమూ, ఆస్తీ.

రైళ్లు, రోడ్లు వచ్చాక ఎడ్ల బిడారు ఆగింది. లంబాడీలు తండాల్లో స్థిరపడ్డారు. సరుకు తెచ్చిన మనుషులే ఇప్పుడు సరుకు కోసం పట్నం పోవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో బేగంబజార్ టోకు దుకాణాల్లో, చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో అద్దాలు, పూసలు, గవ్వలు వెతికితే దొరుకుతాయి. కానీ ఇప్పటి అద్దం యంత్రం కోసిన చదును అద్దం, నాణెం బదులు రేకు బిళ్ల.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. గుడ్డ చిరిగినా అద్దం చిరగదు. చిరిగిన ఫేటియా నుంచి అద్దాలు, గవ్వలు విప్పి కొత్త దానికి కుట్టుకోవడం మన అవ్వల పద్ధతి. ఇప్పుడు వ్యాపారులు తండాకు వచ్చి పాత బట్టలను తక్కువ డబ్బుకు కొనుక్కుపోతున్నారు. పట్నంలో వాటిని ముక్కలు చేసి గోడకు తగిలించే అలంకరణగా, సంచులుగా ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. ఎక్కడా దొరకని పాత అద్దం మన ఇంటి పెట్టెలోనే ఉంది. దాన్ని అమ్మే ముందు ఇంకోసారి ఆలోచించాలి.

నెమలి ఈక, దున్న కొమ్ము

ఇప్పుడు ఆ పిల్లవాడి ప్రశ్నకు వస్తాను. నెమలి 1963లో జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి అన్నిటికంటే గట్టి రక్షణ ఇచ్చింది. నెమలిని చంపడం, పట్టడం నేరం. ఇది మంచిదే. అయితే ఈక ముట్టుకున్నా జైలే అన్న భయం కూడా మన ఊళ్లలో పాకింది. అది నిజం కాదు. నెమలి తానే రాల్చిన తోక ఈకలకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. వాటిని ఉంచుకోవచ్చు, దేశంలో అమ్మవచ్చు, కొనవచ్చు. విదేశాలకు పంపడం మాత్రం నిషేధం.

మగ నెమలి జోడు కట్టే కాలం అయిపోయాక, వానాకాలం చివరి వైపు తోక ఈకలు రాల్చుకుంటుంది. దండారీ వచ్చేది దీపావళి రోజుల్లో. ఈక రాలడం, ఏరడం, టోపీ కట్టడం, ఆడడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన పండుగ అడవి కాలాన్ని చూసి నడిచేది. మార్లవాయి కనక రాజు ఎన్నో ఏళ్లు పిల్లలకు గుస్సాడీ నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. టోపీ కట్టడం కూడా ఆ నేర్పులో భాగమే అని మన బడులు గుర్తుంచుకోవాలి. ఆగస్టులో టోపీ కావాలంటే ముందటి ఏడు ఈకలు ఏరి దాచుకోవాలి. ఆగస్టు 7న వెతికితే దొరికేది అట్టముక్కే.

కోయల కొమ్ము నృత్యం విషయం వేరు. అడవి దున్న కూడా గట్టి రక్షణలో ఉన్న జంతువు. దాని కొమ్మును కొనడం, అమ్మడం నేరం. తరతరాలుగా కొన్ని ఇళ్లలో ఉన్న పాత కొమ్ములే ఇంకా ఆడుతున్నాయి. కొత్తవి ఎక్కడ దొరుకుతాయంటే దొరకకూడదనే చెప్పాలి. దున్న అడవిలో బతికి ఉంటేనే ఆ నృత్యానికి అర్థం. పిల్లల కోసం తేలికైన కర్రతో కొమ్ములు చెక్కించుకోవచ్చు. ఊళ్లో వడ్రంగికి పని దొరుకుతుంది, థర్మోకోల్ అవసరం పోతుంది.

తలుపు మళ్లీ తెరిచిన చట్టాలు

మూసిన తలుపులు కొంత తెరుచుకున్నాయి. 1996 పెసా చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా స్పష్టంగా పేర్లు రాసింది: వెదురు, పేము, పట్టుగూళ్లు, తేనె, మైనం, లక్క, తునికాకు, మందు మొక్కలు, దుంపలు. ఈ జాబితాను ఒకసారి నెమ్మదిగా చదవండి. ఓజాకు కావలసిన మైనం అందులో ఉంది, కొలాంకు కావలసిన వెదురు ఉంది, బొమ్మకు రంగెక్కించే లక్క ఉంది. సంప్రదాయంగా సేకరించుకున్న ఈ వస్తువుల మీద యాజమాన్యం, సేకరించే, వాడే, అమ్ముకునే హక్కు మనదని చట్టం అంటోంది. అభయారణ్యాలకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

2012లో సవరించిన నియమాల ప్రకారం ఈ ఉత్పత్తుల రవాణా అనుమతిని గ్రామసభ కమిటీయే ఇవ్వవచ్చు. 2017లో, అటవీ భూమి కాని చోట పెరిగిన వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తీసేశారు. అంటే పొలం గట్టున, ఇంటి పెరట్లో, బడి ఆవరణలో వెదురు నాటి నరుక్కోవడానికి ఆ పాత అటవీ చట్టం ఇక అడ్డు కాదు.

ఇదంతా కాగితం మీద మాటే కదా అనిపించవచ్చు. ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు ఊరుంది. ఆ ఊరి గ్రామసభ సుమారు 1800 హెక్టార్ల అడవి మీద 2009లో సామూహిక హక్కు పత్రం సాధించింది. 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా అనుమతి పుస్తకాన్ని తన చేతిలోకి తీసుకుంది. దేశంలో ఈ పని మొదట చేసిన ఊరు అదే. వాళ్లు మన భాష మాట్లాడే మనవాళ్లే. వాళ్లకు ఉన్న చట్టమే మనకూ ఉంది.

మన దగ్గర వ్యక్తిగత పోడు పట్టాల కోసం దరఖాస్తులు పెట్టినంతగా సామూహిక హక్కుల మీద దృష్టి పెట్టలేదు. వ్యక్తిగత హక్కుకు ఫారం ఎ. వెదురు, మైనం వంటి వాటిపై ఊరి హక్కుకు ఫారం బి. ఊరి అడవిని కాపాడుకుంటూ నిర్వహించుకునే హక్కుకు ఫారం సి. చదువుకున్న యువకులు తమ గ్రామసభలో బి, సి ఫారాలు పెట్టారో లేదో ముందు అడిగి తెలుసుకోవాలి.

హక్కుతో పాటు పద్ధతి కూడా తెలియాలి. ఈ ఏడు మొలిచిన వెదురు కొమ్మును నరకకూడదు. మూడేళ్లు ముదిరిన బొంగునే కోయాలి, పొదలో తల్లి బొంగులు మిగల్చాలి. తేనె తీసేటప్పుడు పట్టంతా కాల్చకూడదు. పెద్దలకు తెలిసిన ఈ కట్టుబాట్లు లేకుండా హక్కు వచ్చినా సరుకు మిగలదు.

బడిలో ఒక నోటుబుక్కు

ఉపాధ్యాయ మిత్రులకు చివరగా ఒక పని. ఈ ఏడు పిల్లల చేత ఒక నోటుబుక్కు రాయించండి. ఒక్కో పేజీకి ఒక్కో వస్తువు: వెదురు, మైనం, గుగ్గిలం, పుట్టమన్ను, లక్క, పాత ఇత్తడి, గవ్వ, అద్దం, నెమలి ఈక, డోలుకు తోలు. ప్రతి పేజీలో ఐదు ప్రశ్నలు. మన భాషలో దీని పేరేమిటి? తాత కాలంలో ఎక్కడ దొరికేది? ఎప్పుడు, ఎందుకు దొరకడం మానింది? ఇప్పుడు ఎక్కడ, ఏ నెలలో, ఎంతకు దొరుకుతుంది? తెచ్చుకోవడానికి చట్టం ఏమంటోంది? జవాబులు పిల్లలు ఇంటి పెద్దలను, అంగడిలో అమ్మేవాళ్లను, చేతిపనివాళ్లను అడిగి తేవాలి. గోండి, కోయ, కొలామి, లంబాడీ పేర్లు తెలుగు లిపిలోనే రాయవచ్చు.

రెండు మూడేళ్లలో అది మీ మండలానికి ఒక చరిత్ర పుస్తకం అవుతుంది. గ్రామసభలో ఫారం బి పెట్టేటప్పుడు మేము తరతరాలుగా ఇవి సేకరించాం అని చూపడానికి, పెద్దల వాంగ్మూలాలకు అది తోడవుతుంది. తేనె తీసే ఊరికీ ఓజా ఊరికీ మధ్య తెగిన దారి కలపడానికి కూడా పనికొస్తుంది.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. పోయిన వానాకాలం వాళ్ల తాతతో చేను గట్ల వెంట తిరిగి ఏరిన ఈకలు కట్ట కట్టి, వేపాకు వేసి, దూలానికి వేలాడదీశాడట. టోపీకి ఇంకా సరిపోవు, రెండు మూడేళ్లు పడుతుందని తాత చెప్పాడట.